గాలివానకు నిలుచు కిటికీలు: ఇంటి సహాయధనమును వినియోగించుకొను విధము



మంచి విత్తనము, సకాలములో ఎరువు, తగిన నీరు – వీనిని గురించి మనము తరచుగా మాట్లాడుకొనుచుందుము. పండిన పంట ఇంటికి చేరిన తరువాత దానిని కాపాడు బాధ్యత ఇంటిదే. జొన్నలు, కందులు, శనగలు, పసుపు, ధర కొరకు నిలిపిన ప్రత్తి, వానాకాలమునకు దాచిన విత్తనము – ఇవన్నియు చైత్ర వైశాఖ మాసములలో మన ఇండ్లలోనే ఉండును. సరిగా ఆ మాసములలోనే సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములలో గాలివానలు వచ్చును. కావున ఇంటి కిటికీని గురించి వ్యవసాయాధికారి వ్రాయుటలో వింత లేదు.

ఇండ్లు కట్టుకొనుటకు ప్రభుత్వము ఇచ్చు సహాయధనము ఇప్పుడు మన గ్రామములలో చాలమందికి అందుచున్నది. ఆ సొమ్ములో కొంత భాగమును గాలికి నిలుచు కిటికీలకు, తలుపులకు, కప్పునకు ముందుగానే కేటాయించుకొను విధమును ఈ వ్యాసములో వివరించెదను.

ఒకే వీధిలో రెండు ఇండ్లు

జిన్నారము వైపు ఒక గ్రామములో గాలివాన వెలిసిన మరునాడు పంట నష్టము చూచుటకు వెళ్ళితిని. ఒక వీధిలో కొత్తగా కట్టిన స్లాబు ఇల్లు ఉన్నది. పడమటి గదికి వెడల్పైన అద్దాల కిటికీ పెట్టిరి. గాలి మొదలైన కొద్దిసేపటికే కిటికీ చౌకట్టుతో సహా ఊడి లోపల పడినదట. వాన నీరు నేరుగా గదిలోనికి కొట్టి, మంచముపై పేర్చిన కంది విత్తనము బస్తాలు తడిసి ఉబ్బినవి. గోడలకు గాని స్లాబునకు గాని ఏ లోపమును లేదు.

దానికి ఎదురుగా పాత పెంకుటిల్లు. చిన్న కిటికీలు, చెక్క రెక్కలు, లోపల అడ్డకర్ర. పెంకులు కొన్ని కదలినవి, అంతే. ఆ ఇంటి అవ్వను అడిగితిని. "మా మామ పెట్టించిండు సారూ ఈ అడ్డకర్ర. గాలి రాంగనే ముందుగాల దీన్ని ఏస్త, తర్వాతనే బర్రెల కాడికి పోత" అని ఆమె చెప్పినది.

ఆ అవ్వ మాటలో ఈ వ్యాసమంతయు ఉన్నది. గాలికి మొదట లొంగునది గోడ కాదు, గోడలోని సందు.

మనకు గాలి భయము తక్కువా?

తుపానులు సముద్రతీరమునకే గాని మనకు కావని చాలమంది తలంతురు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల దరిదాపున వీచి, ఎన్నో భవనముల కిటికీ అద్దములు పగిలిపోయినవి. అంతటి తుపాను మన జిల్లాకు రాదన్నది నిజమే.

అయినను ఒక లెక్క చూడుడు. మన దేశములో భవనములు కట్టుటకు గాలి వేగమును నిర్ణయించిన ప్రమాణ గ్రంథము ఒకటి కలదు. దానిని భారతీయ ప్రమాణము 875, మూడవ భాగము అందురు. ఏబది సంవత్సరములలో ఒకసారి రాదగిన గాలి విసురును అందులో ఊరూరికి చూపిరి. విశాఖపట్టణమునకు సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44 మీటర్లు. అనగా అక్కడ గంటకు 180 కిలోమీటర్లు, ఇక్కడ సుమారు 158 కిలోమీటర్లు. ఒత్తిడి లెక్కలో, విశాఖలో 100 కిలోల బలము పడుచోట మన వద్ద 77 కిలోల బలము పడునని ఎంచుకొని కట్టవలెను. ఈ భేదము మనము అనుకొనునంత పెద్దది కాదు.

మరియొక సంగతి. తుపాను వచ్చునని రెండు మూడు దినముల ముందే తెలియును. మన గాలివానకు అంత గడువు లేదు. హైదరాబాదు వాతావరణ కేంద్రము రాబోవు మూడు గంటలకు జిల్లాల వారీగా హెచ్చరికలు ఇచ్చుచున్నది గాని, పొలములో ఉన్న రైతుకు అది అందునప్పటికి మబ్బు నెత్తిమీదనే ఉండవచ్చును. కావున అప్పటికప్పుడు తెచ్చి బిగించు ఏర్పాటు మనకు పనికిరాదు. కిటికీకి ఎల్లప్పుడు అమర్చి ఉండి, ఒక్క నిమిషములో మూయదగిన రెక్కయే మనకు తగినది.

2024 మే 26న నాగర్‌కర్నూలు జిల్లా తాడూరు మండలము ఇంద్రకల్లులో గాలివానకు కోళ్ళ షెడ్డు గోడ కూలి నలుగురు మరణించిరి. 2023 మార్చి నడుమ వికారాబాదు జిల్లా మర్పల్లి ప్రాంతమున వడగండ్లు నేలను తెల్లగా కప్పివేసినవి. ఇవి మన పొరుగు సంగతులే.

గాలి ఇంటిని ఎట్లు పడగొట్టును?

గాలి వేగము రెండింతలైనచో దాని బలము నాలుగింతలగును. నాలుగు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల కిటికీని తీసుకొనుడు. గంటకు 60 కిలోమీటర్ల గాలి దానిపై సుమారు 25 కిలోల బలముతో నెట్టును. గంటకు 120 కిలోమీటర్ల గాలి అదే కిటికీపై సుమారు 100 కిలోల బలముతో నెట్టును. అనగా ఒక క్వింటాలు ధాన్యము ఆ రెక్కలపై ఒరిగినట్లు. రెండు చిన్న మేకులతో, ఒక పలుచని గడియతో ఉన్న కిటికీ దీనిని ఆపగలదా?

కిటికీ ఊడిన పిదప రెండవ ప్రమాదము మొదలగును. గాలి గదిలోనికి దూరి, పోవుటకు దారి లేక, కప్పును లోపలినుండి పైకి నెట్టును. అదే సమయములో కప్పు మీదుగా పోవు గాలి దానిని పైనుండి లాగును. నెట్టుట, లాగుట రెండును ఒకేసారి జరుగుటచే రేకులు లేచిపోవును. రేకులు పోయిన గోడకు పైన పట్టు ఉండదు. సన్నని గోడ అయినచో అదియు కూలును. కిటికీతో మొదలైన నష్టము గోడతో ముగియును.

ఎదురు కిటికీ తెరచినచో గాలి దాటిపోయి ఇల్లు నిలుచునని కొందరు నమ్ముదురు. ఇది పొరపాటు. అన్ని కిటికీలను, తలుపులను మూయవలెను. గదుల నడుమ తలుపులను కూడ మూయవలెను. అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రమున బీమా కంపెనీల పరిశోధన సంస్థ ఒకటి పూర్తి ఇండ్లపై గాలిని వదలి పరీక్షించినది. లోపలి తలుపులు మూసియుంచినచో కప్పుపై పడు బలము 30 శాతము వరకు తగ్గవచ్చునని వారు కనుగొనిరి. ఖర్చు లేని రక్షణ ఇది.

రేకుల మీద రాళ్ళు వద్దు

మన వద్ద రేకుల కప్పుపై రాళ్ళు, ఇటుకలు, పాత టైర్లు పెట్టు అలవాటు కలదు. లెక్క చూడుడు. పది అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు గల ఇనుప రేకు బరువు 15 కిలోలకు మించదు. దానిపై 20 కిలోల రాళ్ళు రెండు పెట్టినను మొత్తము 55 కిలోలు. గంటకు 120 కిలోమీటర్ల గాలి ఆ రేకుపై చూపు బలము రెండు క్వింటాళ్ళ పైమాట. రాయి రేకును ఆపలేదు. రేకు లేచినప్పుడు ఆ రాయి క్రింద నిద్రించువారిపై పడును. రాయి రక్షణ కాదు, నెత్తిమీది ప్రమాదము. రేకును బోల్టుతో కట్టవలెను గాని బరువుతో నొక్కరాదు.

సహాయధనము ఏది? ఎప్పుడు వచ్చును?

ప్రభుత్వ ధనము రెండు విధములు. ఒకటి నష్టము జరిగిన తరువాత ఇచ్చునది, రెండవది ఇల్లు కట్టుకొనుటకు ఇచ్చునది.

మొదటిది విపత్తు సహాయ నిధి. కేంద్ర ప్రభుత్వము 2022-26 కాలమునకు ఇచ్చిన నిబంధనల ప్రకారము మైదాన ప్రాంతములో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, పూర్తిగా పోయిన గుడిసెకు 8,000 రూపాయలు, ఇంటికి చేరియున్న పశువుల కొట్టమునకు 3,000 రూపాయలు. పాక్షికముగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000 రూపాయలు. పాక్షిక నష్టము కనీసము 15 శాతము ఉండవలెను. ఒక కిటికీ ఊడి, విత్తనము తడిసిన ఇంటికి ఈ లెక్కలో ఏమియు రాకపోవచ్చును. పైగా ఆ నిబంధనలలో పేర్కొన్న విపత్తుల పట్టికలో తుపాను, వడగండ్లు ఉన్నవి గాని ఒట్టి ఈదురుగాలి పేరు లేదు. ఈ సహాయము మీద ఆధారపడి కిటికీని నిర్లక్ష్యము చేయరాదని దీనివలన తెలియుచున్నది.

రెండవది ఇంటి సహాయధనము. 2024 మార్చి 11న భద్రాచలములో ఆరంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకము క్రింద అర్హులైన పేద కుటుంబములకు 5 లక్షల రూపాయలు మంజూరగును. మంజూరు ఇంటి ఇల్లాలి పేరున ఉండును. సొమ్ము ఒకేసారి రాదు. పునాది, గోడలు, స్లాబు, పూర్తి అయిన ఇల్లు – ఈ నాలుగు దశలను బట్టి బ్యాంకు ఖాతాలో పడును. ప్రతి దశలోను సిబ్బంది వచ్చి చూచి, ఛాయాచిత్రము తీసి నమోదు చేయుదురు.

మన దేశములో ఈ పథకమున గాలికి నిలుచు కిటికీల కొరకు వేరుగా సొమ్ము లేదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రములో అట్టి పథకము ఒకటి కలదు. అక్కడ 1992లో ఆండ్రూ తుపాను వేలాది ఇండ్లను నేలమట్టము చేసినది. తరువాత కట్టడపు నిబంధనలను కఠినము చేసిరి. 2006లో పాత ఇండ్లను బలపరచుటకు ఒక సహాయ పథకమును పెట్టి, నిలిచిపోయిన దానిని 2022లో తిరిగి ప్రారంభించిరి. మొదట ఒక నిపుణుడు వచ్చి ఇంటిని ఉచితముగా పరీక్షించును. ఆ పిదప ఇంటివారు ఒక డాలరు పెట్టినచో ప్రభుత్వము రెండు డాలర్లు, మొత్తము 10,000 డాలర్ల వరకు ఇచ్చును. ఆ సొమ్ముతో ముఖ్యముగా చేయించుపనులు రెండు: కిటికీలు, తలుపులు మొదలగు సందులకు రక్షణ, కప్పును గోడకు కట్టుట.

వారి సొమ్ము మనకు రాదు గాని వారి క్రమమును మనము పాటింపవచ్చును. ముందు పరీక్ష, పిదప ఖర్చు. అన్ని సందులకు రక్షణ, ఒక్కటియు విడువరాదు. తొమ్మిది కిటికీలు బాగుచేసి పదవది విడిచినచో గాలి ఆ పదవ దారినే వచ్చును.

కిటికీ బలము రెండవ దశలోనే

ఇల్లు కట్టుకొనువారు సాధారణముగా చేయు పొరపాటును ఇప్పుడు చెప్పెదను. పునాదికి, స్లాబునకు సొమ్మంతయు పోయి, కిటికీలు చివరి దశకు మిగులును. అప్పటికి చేతిలో రొక్కము ఉండదు. గోడలో ఖాళీగా విడిచిన సందులో చవుక చౌకట్టును దూర్చి, చుట్టును సిమెంటు పూసి, పని అయినదందురు. బయటికి చక్కగా కనబడును. దానిని పట్టి ఉంచునది మాత్రము ఆ పూత ఒక్కటే.

కిటికీ బలము చివరి విడతలో కొనునది కాదు. గోడ కట్టు దశలోనే అది నిర్ణయమగును. కావున ప్రతి దశలో ఈ క్రింది పనులు చేయించుకొనుడు.

1. పునాది దశలో: మేస్త్రిని, వడ్రంగిని కూర్చుండబెట్టి ఎన్ని కిటికీలు, ఏ కొలత, ఏ గోడకు అని కాగితముపై వ్రాయించుడు. ఒక పెద్ద కిటికీకి బదులు రెండు చిన్న కిటికీలు మేలు. గోడ మూలలో కిటికీ పెట్టరాదు, కనీసము రెండడుగులు విడువవలెను. నైరుతి ఋతుపవనపు గాలి పడమటినుండి వచ్చును గాని వేసవి గాలిదుమారము ఏ దిక్కునుండియైన రావచ్చును. ఒక్క పడమటి గోడనే చూచుకొనుట చాలదు. కిటికీలకు, తలుపులకు ఎంత కావలెనో అంచనా వేయించి, ఆ మొత్తమును వేరుగా ఉంచుడు.

2. గోడల దశలో: చౌకట్టులను గోడతోపాటే నిలుపుడు. చౌకట్టును గోడకు పట్టి ఉంచు ఇనుప పట్టీలను మేస్త్రులు హోల్డ్‌ఫాస్టులందురు. కిటికీకి ఒక్కొక్క ప్రక్క కనీసము రెండు, ద్వారమునకు మూడు ఉండవలెను. వీనిని ఇటుకల నడుమ మట్టిలో గాని వట్టి ఇసుక సిమెంటులో గాని పెట్టక, ఒక వంతు సిమెంటు, రెండు వంతుల ఇసుక, నాలుగు వంతుల కంకరతో చేసిన కాంక్రీటులో బిగించవలెను. కిటికీల పైన లింటెలును ముక్కలుగా కాక ఇల్లంతయు చుట్టివచ్చు పట్టీవలె పోసినచో గోడలు ఒకదానినొకటి పట్టుకొనును.

3. స్లాబు దశలో: కిటికీ పైని సజ్జలను అడుగున్నర కంటె ఎక్కువ బయటికి రానీయకుడు. వంటింటికో, పశువులకో రేకుల పంచ వేయదలచినచో, దాని దూలములను కట్టుటకు ఇనుప బోల్టులను ఇప్పుడే కాంక్రీటులో నిలుపుడు.

4. ముగింపు దశలో: రెక్కలు, బందులు, గడియలు. ఒక్కొక్క రెక్కకు మూడు బందులు, పైన ఒక గడియ, క్రింద ఒక గడియ ఉండవలెను. బందులకు మేకులు కొట్టక మరలు బిగించుడు. మేకు గాలి ఊపులకు వదులగును, మర వదలదు.

రెక్కలు లోపలికి తెరచుకొనునట్టివైనచో అడ్డకర్ర మంచి రక్షణ. మూడు అంగుళముల వెడల్పు, రెండు అంగుళముల మందము గల తుమ్మ లేక వేప కర్ర చాలును. దానిని నిలుపు ఇనుప కొక్కెములు చౌకట్టుకు ఇరుప్రక్కల గోడలోనే కాంక్రీటుతో బిగించియుండవలెను. రెక్కలు బయటికి తెరచుకొనునట్టివైనచో గాలి నెట్టినప్పుడు అవి చౌకట్టుకే ఆనుకొనును గాని, గాలి లాగినప్పుడు గడియలే ఆధారము. కావున వానికి గట్టి గడియలు రెండేసి తప్పవు.

అద్దాల కిటికీ కావలెనన్నచో పెట్టుకొనుడు, వెలుతురు మంచిదే. దానికి బయట చెక్క రెక్కను గాని ఇనుప రేకు రెక్కను గాని అమర్చుడు. అద్దమునకు గాలి కంటె గాలిలో ఎగురు పెంకు, కొమ్మ, రేకు ముక్క ఎక్కువ ప్రమాదము. వీధి గేటుకు రంగుల పువ్వులు పెట్టించు ఖర్చును కొంత తగ్గించుకొన్నచో ఈ రెక్కలకు సరిపోవును.

ఇప్పటికే కట్టిన ఇండ్లకు

సహాయధనము లేనివారు కూడ చేయదగిన పనులు ఉన్నవి. చౌకట్టును రెండు చేతులతో పట్టి ఊపి చూడుడు. కదలినచో చుట్టును పూత తీసి, ఇనుప పట్టీలతో తిరిగి కాంక్రీటు చేయించుడు. అడ్డకర్ర పెట్టించుడు. తలుపు లేని చిన్న సందులకు, గవాక్షములకు మూతలు చేయించుడు. రేకుల కప్పునకు కొక్కి బోల్టులు తుప్పు పట్టినవేమో చూచి మార్పించుడు. చూరు వద్ద, కప్పు అంచుల వద్ద గాలి లాగుడు అన్నిటికంటె ఎక్కువ. అక్కడ రేకు యొక్క ప్రతి రెండవ మడతకు ఒక బోల్టు ఉండవలెను. దూలము గోడపై ఊరకే కూర్చుండరాదు, ఇనుప కడ్డీతో గోడకు కట్టియుండవలెను.

ఇల్లు ప్రక్కనున్న చెట్టును నరకకుడు. ఎండిన కొమ్మలను, ఇంటిపైకి వంగిన కొమ్మలను తీయించుడు. ఇంటికి కొంత దూరమున వేప, సరుగుడు వంటి చెట్ల వరుస గాలి ఊపును తగ్గించును.

కిరాయి గదుల యజమానులకు

ఇస్నాపూరు, పాశమైలారము, బొల్లారము, గడ్డపోతారము వైపు కర్మాగారములు పెరిగిన పిదప చాలమంది రైతులు తమ స్థలములలో కార్మికుల కొరకు రేకుల గదులను వరుసగా కట్టి కిరాయికి ఇచ్చుచున్నారు. సన్నని సిమెంటు ఇటుక గోడ, పైన రేకు, రేకుపై రాయి – ఇదియే వాని రూపము. ఇంటి సహాయధనము సొంత ఇల్లు లేని పేదలకే గాని ఈ గదులకు రాదు. ఆ ఖర్చు యజమానిదే. దూరదేశమునుండి వచ్చి, రాత్రి పాళీ చేసి పగలు నిద్రించు కూలివాడు తన నెత్తిపై రాయి ఉన్నదని ఎరుగడు. ఒక్క నెల కిరాయిలో కొంత భాగముతో ఆ రాళ్ళను దింపి బోల్టులు వేయించుడు. ఇది ధర్మము, వివేకము కూడ.

గ్రామాధికారులకు ఒక మాట

పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు, ఇండ్ల కమిటీ సభ్యులు గోడల దశలో ఇంటిని చూడబోయినప్పుడు హోల్డ్‌ఫాస్టులు ఉన్నవా అని ఒక్క ప్రశ్న అడుగవలెను. పూత పూసిన పిదప అడిగి లాభము లేదు. నష్టపు పంచనామా వ్రాయునప్పుడు ఈదురుగాలి అని మాత్రమే వ్రాసి ఊరకుండక, వడగండ్లు పడినచో ఆ సంగతిని, తేదీని, ఛాయాచిత్రములను తప్పక చేర్చవలెను. రైతుకు రావలసిన సహాయము ఒక మాట లోపముచే ఆగిపోరాదు.

సంక్రాంతి వెళ్ళిన తరువాత, ఉగాదికి ముందు మేస్త్రులకు, వడ్రంగులకు, మనకు కూడ కొంత తీరిక ఉండును. ఆ దినములలో ఒక ఉదయము ఇంటి చుట్టును తిరిగి ప్రతి కిటికీని, ప్రతి తలుపును, ప్రతి రేకును చేతితో కదిపి చూడుడు. కదలినదానిని ఆ వారములోనే బాగుచేయించుడు. మబ్బు లేచిన తరువాత మేస్త్రి దొరకడు. గాలి వచ్చు దినమున మీరు చేయవలసిన పని అడ్డకర్ర వేయుట ఒక్కటే కావలెను.